ఇల్లు గీసే చేయి ఎవరిది?

కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో చందాలు పోగుచేసి ఒక గ్రంథాలయ భవనం కట్టాలనుకున్నాం. కమిటీలో నేనూ ఉన్నాను. ప్లాను వచ్చిన సాయంత్రం దాన్ని బల్లమీద పరుచుకుని రెండు గంటలు చర్చించాం. వేదిక ఎంత ఎత్తుండాలి, హాలుకు ఎవరి పేరు పెట్టాలి, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలి - ఇదీ మా చర్చ. ఎనిమిదిమంది మగవాళ్ళం, ఒక స్త్రీ. ఆమె అంగన్‌వాడీ టీచరు. చివరికి ఆమె, "అన్నా, ఈ గీతలు నాకు తెలియవు. చంటిపిల్లతో వచ్చిన మనిషి ఎక్కడ కూర్చుంటుందో, మరుగుదొడ్డికి ఎటునించి పోవాలో ఈ కాగితంలో కాస్త చూపించండి" అంది. మాలో ఒక్కరూ చూపించలేకపోయాం. నిజానికి ఆ గీతలు మాకూ తెలియవు. తెలిసినట్టు కూర్చున్నాం, అంతే. "ఆ సంగతి తర్వాత చూద్దాంలేమ్మా" అన్నాం. ఆ తర్వాత అనేది రాలేదు. భవనం లేచింది. సాహిత్య సభలకు స్త్రీలు ఎందుకు రావటం లేదని మేమే వ్యాసాలు కూడా రాశాం.

ఆ సాయంత్రం నాకు మళ్ళీ గుర్తుకు రావటానికి కారణం ఒక పుస్తకం. పేరు 'మేకింగ్ స్పేస్'. లండన్‌లో 'మేట్రిక్స్' అనే స్త్రీవాద ఆర్కిటెక్టుల సహకార బృందం దాన్ని రాసింది. 1984లో ప్లూటో ప్రెస్ వేసింది. 2022లో వెర్సో సంస్థ మళ్ళీ అచ్చువేసింది. ఉపశీర్షికలోనే ఒక ఎత్తిపొడుపు ఉంది. ఇంగ్లీషులో 'మ్యాన్ మేడ్' అంటే మనిషి చేసినది అని వాడుక. ఆ 'మ్యాన్' నిజంగా మగవాడేనని ఈ రచయిత్రులు తేల్చి చెబుతారు. మన చుట్టూ ఉన్న ఇళ్ళూ వీధులూ బజార్లూ ఎవరో నిష్పక్షపాతి అయిన 'మనిషి' కట్టినవి కావు. అధికారం చేతిలో ఉన్న మగవాడు తన అవసరాన్నీ, తన ఊహనూ కొలబద్దగా పెట్టుకుని కట్టించినవి. ఇదీ వాళ్ళ వాదం.

సాహిత్య పత్రికలో గోడల గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇంటి ప్లాను కూడా ఒక రచనే గనక. మన పాత మండువా లోగిలినే చూడండి. వీధరుగూ సావిడీ మగవాళ్ళవి. వంటిల్లూ పెరడూ ఆడవాళ్ళవి. దొడ్డిదారి పాకీపనికి కట్టిపడేసిన కులంవాళ్ళు వచ్చిపోవటానికి. ఎవరు ఎవరికి కనబడాలి, ఎవరు ఎక్కడిదాకా రావాలి అనే శాసనం ఆ ఇంట్లో రాతతో కాక గోడలతో ఉంది. మన కథల్లో నవలల్లో సగం జీవితం ఆ గోడల మధ్యే జరిగింది. విమర్శకులం మాత్రం పాత్రల్ని విశ్లేషించి గోడల్ని నేపథ్యం కింద వదిలేశాం. విమల 'వంటిల్లు' కవిత వచ్చినప్పుడు మనలో కొందరు ఉలిక్కిపడ్డారంటే కారణం ఇదే. మనం నేపథ్యం అనుకున్న గది అక్కడ నిందితుడుగా బోనులోకి వచ్చి నిలబడింది.

అయితే ఆ గదిని గీసినవాణ్ణి మనం ఇంకా బోనెక్కించలేదు. మేట్రిక్స్ చేసిన పని అదే.

ఈ బృందం గాలిలోంచి పుట్టలేదు. 1970 దశకంలో బ్రిటన్ యువ ఆర్కిటెక్టులు కొందరు తమ వృత్తి మీద తామే తిరుగుబాటు చేశారు. పెద్ద సంస్థల్లో నెలజీతానికి గీతలు గీసే తాము స్వతంత్ర కళాకారులం కామనీ, ఉద్యోగులమనీ, తమకు సంఘం ఉండాలనీ అన్నారు. ఇళ్ళలో ఉండబోయేవాళ్ళకు ఆ ఇళ్ళ రూపకల్పనలో మాట లేకపోవటం అన్యాయమన్నారు. 1975లో ఏర్పడిన 'న్యూ ఆర్కిటెక్చర్ మూవ్‌మెంట్' ఇలాంటి వాళ్ళది. అందులోని స్త్రీలకు త్వరలోనే ఒక సంగతి అర్థమైంది. యజమానిని ఎదిరించే సంఘంలో కూడా ఉపన్యాసం మగవాడిదే. వాళ్ళు 1978లో 'ఫెమినిస్ట్ డిజైన్ కలెక్టివ్' పెట్టుకున్నారు. అందులోనుంచి 1980లో మేట్రిక్స్ వచ్చింది. ఉద్యమం లోపలి స్త్రీలు ఉద్యమాన్ని ప్రశ్నించి ముందుకు నడిపించటం మన పాఠకులకు కొత్త కాదు.

మేట్రిక్స్ పనివాళ్ళ సహకార సంస్థగా నడిచింది. అందులో బాస్ లేదు. నిర్ణయాలు అందరూ కూర్చుని చేసేవారు, అందరికీ ఒకే వేతనం. ఆర్కిటెక్చర్ సంస్థలకు సాధారణంగా యజమాని ఇంటిపేరే పేరుగా ఉంటుంది. వీళ్ళ సంస్థకు ఎవరి పేరూ లేదు.

పుస్తకం కూడా సమిష్టిగా రాసిందే. అధ్యాయాలకు విడివిడిగా పేర్లున్నా, మొత్తానికి కర్తృత్వం బృందానిదే. దీన్ని చదువుతుంటే నాకు హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తొచ్చింది. విషయాలు వేరు. అక్కడ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు, ఇక్కడ ఇంగ్లండు ఇళ్ళలోని స్త్రీలు. కాని పద్ధతి ఒకటే. నిపుణుడు రాసిన చరిత్రను పక్కనపెట్టి, అనుభవించిన మనిషి మాటను సాక్ష్యంగా తీసుకోవటం, ఆ సాక్ష్యాన్ని ఒక్కరి పేరుమీద సొంతం చేసుకోకపోవటం. రెండేళ్ళ తేడాలో రెండు నగరాల్లో స్త్రీలు ఒకే రకమైన పనిముట్టు తయారుచేసుకున్నారు.

పుస్తకంలో ఉన్నదేమిటి? మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి ఇంగ్లండు గృహనిర్మాణం మీద అందులో ఒక అధ్యాయం ఉంది. సైనికులు తిరిగొస్తున్నారు, వీరులకు తగిన ఇళ్ళు కడతామని ప్రభుత్వం వాగ్దానం చేసింది. 1918లో స్త్రీలతో ఒక గృహనిర్మాణ ఉపసంఘం వేసింది. ఆ స్త్రీలు కార్మికవాడలకు వెళ్ళి ఇల్లాళ్ళను అడిగారు. వాళ్ళు స్నానానికి విడిగా గది కావాలన్నారు. ఇంకా ముఖ్యంగా, వంటపని కనబడని ముందుగది ఒకటి కావాలన్నారు. ముందుగది దండగని, మధ్యతరగతిని చూసి వాతపెట్టుకోవటమని కొందరు సంస్కర్తలైన ఆర్కిటెక్టులు భావించారు. వాళ్ళకు అది వాడని గది. కార్మికుడి భార్యకు అది ఇంట్లో పని కళ్ళబడకుండా పది నిమిషాలు కూర్చునే ఒకే ఒక్క చోటు. ఉపసంఘం సిఫార్సుల్లో చాలావాటిని ఖర్చు పేరు చెప్పి తగ్గించేశారు. అభ్యుదయవాది అయిన నిపుణుడు కూడా శ్రమజీవి స్త్రీ మాటను వినలేకపోవచ్చని ఈ ఉదంతం చెబుతుంది. మన బోటి వాళ్ళం ఈ అధ్యాయాన్ని రెండుసార్లు చదవాలి.

ఇక వంటిల్లు. ఈ ప్రశ్న సోషలిస్టు ఉద్యమానికి పాతదే. ఇంటిచాకిరీని సామాజిక శ్రమగా మార్చకుండా స్త్రీ విముక్తి లేదని ఎంగెల్స్ అన్నాడు, లెనిన్ అన్నాడు, కొల్లొంతాయ్ అన్నది. ఆ ఆలోచన ఇటుకల్లోకి కూడా దిగింది. గింజ్‌బుర్గ్, మిలినిస్‌లు మాస్కోలో 1930 నాటికి పూర్తిచేసిన నార్కోమ్‌ఫిన్ భవనంలో చాలా వాటాలకు పూర్తి వంటిల్లు లేదు. ఉమ్మడి భోజనశాల ఉంది. సరిగ్గా అదే కాలంలో జర్మనీలో మరో దారి తొక్కారు. ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెట్ షూట్టె-లిహొట్‌స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్టు నగరపాలక గృహాల కోసం ఒక వంటిల్లు రూపొందించింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఫ్యాక్టరీలో కార్మికుడి కదలికల్ని లెక్కగట్టినట్టు ఇల్లాలి అడుగుల్ని లెక్కగట్టి, ప్రతి వస్తువూ చేతికందేలా అమర్చింది. సుమారు 10 వేల ఇళ్ళలో దాన్ని పెట్టారు. ఆమె ఉద్దేశాన్ని శంకించటానికి వీల్లేదు. తర్వాత కమ్యూనిస్టు అయి, నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి, 1941లో అరెస్టయి 1945 దాకా జైల్లో ఉన్న మనిషి ఆమె. ఉద్యోగం చేసే స్త్రీకి కాస్త తీరిక మిగల్చాలనే ఆమె తపన.

కాని ఫలితం? ఆ వంటింట్లో ఒక్క మనిషే పట్టేది. మొగుడు వచ్చి చెయ్యి వెయ్యాలన్నా చోటు లేదు. పిల్లలు ఆడుకుంటూ కళ్ళముందు ఉండటానికీ కష్టమే. శ్రమ తగ్గింది, కాని అది ఎవరి శ్రమ అన్నది గోడల్లోకి ఎక్కి స్థిరపడింది. 1970ల స్త్రీవాదులు దాన్ని విమర్శించింది ఇందుకే. ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఒకటుంది. గీసే చేయి స్త్రీది అయినంత మాత్రాన చాలదు, మనసు సోషలిస్టుది అయినంత మాత్రానా చాలదు. మేట్రిక్స్ కూడా ఆడవాళ్ళు గీస్తే ఇళ్ళు వాటంతటవే మంచివి అవుతాయని అనలేదు. స్త్రీల శైలి అని ఒకటుందనీ, గుండ్రటి గోడలు స్త్రీత్వమనీ చెప్పే తేలిక సిద్ధాంతం జోలికీ పోలేదు. స్త్రీల జీవితానుభవం వేరు గనక వాళ్ళ అవసరాలూ వేరు, ఆ అనుభవాన్ని వృత్తి వినటం లేదు అన్నారు. నా ఉద్దేశంలో వాళ్ళ బలమంతా ఈ నిగ్రహంలో ఉంది.

మరి వినటం ఎలా? మేట్రిక్స్ ఆచరణ అంతా ఈ ప్రశ్నకు సమాధానమే. ప్లాను ఒక భాష. చదువు వచ్చినవాడు రానివాడి చేత దస్తావేజు మీద వేలిముద్ర వేయించుకున్నట్టే, ఆర్కిటెక్టు ఇల్లాలికి ప్లాను చూపించి "బాగుందా?" అని తల ఊపిస్తాడు. ఇదే కొందరి దృష్టిలో ప్రజల భాగస్వామ్యం! మేట్రిక్స్ స్త్రీలు ముందు ఆ భాష నేర్పారు. గీతలు చదవటం, కొలతలు తీసుకోవటం నేర్పారు. విడదీసి మళ్ళీ పేర్చగలిగే నమూనాలు తయారుచేసి ముందుపెట్టారు. గది ఎక్కడుండాలో నోటితో చెప్పలేని మనిషి చేత్తో జరిపి చూపించగలదు. నిపుణురాలి జ్ఞానాన్ని దాచుకోలేదు, వదులుకోనూ లేదు. మనిషి చేతికి అందేలా దించారు. 'మాకేమీ తెలియదు, అంతా ప్రజలకే తెలుసు' అనే దొంగ వినయానికీ దీనికీ తేడా ఉంది.

దీనికి మంచి ఉదాహరణ లండన్ వైట్‌చాపెల్ రోడ్డులో 1987లో పూర్తయిన 'జాగొనారి' స్త్రీల విద్యాకేంద్రం. పేరు బెంగాలీ మాట. మేలుకో మహిళా అని అర్థం. ఆ ప్రాంతంలో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాలు ఎక్కువ. అక్కడే 1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువ కార్మికుణ్ణి జాతివిద్వేషులు పొడిచి చంపారు. అలాంటి వీధిలో దక్షిణాసియా స్త్రీలు తమ చదువుకీ కలయికకీ ఒక చోటు కట్టుకోవాలనుకుని మేట్రిక్స్‌తో కలిసి పనిచేశారు.

అక్కడ ఇటుకల ఎంపిక ఎలా జరిగిందో చూడండి. మామూలుగా ఇటుక ఆర్కిటెక్టు అభిరుచి, కాంట్రాక్టరు లాభం కలిసి తేల్చే వ్యవహారం. ఇక్కడ ఆర్కిటెక్టులూ ఆ స్త్రీలూ కలిసి వీధుల్లో తిరిగి, కట్టిన గోడల్ని చూసి, ఏ ఇటుక నచ్చిందో మాట్లాడుకున్నారు. దానికి వాళ్ళు 'ఇటుకల పిక్నిక్' అని పేరు పెట్టుకున్నారు. విహారంలా కనబడుతుంది గాని అది రాజకీయం. తమది కాని నగరంలో భయంభయంగా నడిచే స్త్రీలు ఆ నగరం గోడల్ని పరీక్షించి తీర్పు చెప్పటం అది.

కిటికీల సంగతి మరీ ముఖ్యం. రాళ్ళు విసిరే వీధిలో కిటికీలకు ఇనుప రక్షణ తప్పదు. కాని జైలు ఊచలు పెడితే లోపలి మనిషికి ఆ భయం రోజూ కళ్ళముందే ఉంటుంది. అందుకని రక్షణనిచ్చే ఇనుప కటకటాన్నే ఆసియా అల్లికల తీరులో జాలీగా మలిచారు. ఏ ఒక్క మతానికీ చెందిన గుర్తు భవనం మీద లేకుండా చూసుకున్నారు, అన్ని మతాల స్త్రీలకూ అది తమదనిపించాలి గనక. పిల్లల్ని చూసుకునే కేంద్రం భవనంలో భాగంగానే వచ్చింది. మా కమిటీలో ఆ అంగన్‌వాడీ టీచరు అడిగిన మొదటి ప్రశ్నకు వైట్‌చాపెల్‌లో గోడల్లోనే జవాబు ఉంది.

ఇక్కడ నాకు పుస్తకం మీద ఒక ఫిర్యాదు ఉంది. పుస్తకంలోని 'స్త్రీ' ఎక్కువ భాగం బ్రిటిష్ శ్వేతజాతి కుటుంబంలోని ఇల్లాలే. వలస వచ్చి, జాతి పేరుతో దెబ్బలు తిని, మరొకరి ఇల్లో ఆసుపత్రో శుభ్రం చేసి బతికే స్త్రీ ఆ పేజీల్లో పలచగా ఉంది. ఒకామెకు ఇల్లు బందిఖానా కావచ్చు, మరొకామెకు వీధి దాడుల నుంచి అదే ఆశ్రయం కావచ్చు. ఈ వైరుధ్యాన్ని పుస్తకం తగినంతగా పట్టుకోలేదు. కాని జాగొనారి పట్టుకుంది. అంటే సిద్ధాంతం ఆగినచోట ఆచరణ ముందుకు నడిచింది. ఆచరణ దాన్ని దాటగలిగింది కూడా పుస్తకం చెప్పిన 'వినండి' అనే సూత్రం వల్లనే. కాబట్టి ఈ ఫిర్యాదు పుస్తకాన్ని కొట్టిపారెయ్యటానికి కాదు, దానికి రెండో భాగం ఎక్కడుందో చూపటానికి.

మరో పరిమితి ఇంతకంటే కఠినమైంది. ఈ పనులకు డబ్బు ఎక్కడిది? ప్రధానంగా లేబర్ పార్టీ వామపక్షం చేతిలో ఉన్న లండన్ మహానగర మండలి నుంచి వచ్చింది. ఆ మండలి 1982లో స్త్రీల కమిటీ పెట్టి, స్త్రీల బృందాలకూ శిశుకేంద్రాలకూ నిధులిచ్చింది. మేట్రిక్స్ గీసిన శిశుకేంద్రాలకు ఊపిరి అదే. 1986 మార్చి 31తో థాచర్ ప్రభుత్వం మండలినే రద్దుచేసింది. నిధులు ఎండిపోయాయి. సమాన వేతనమిచ్చి, పేద బృందాలకు గంటల తరబడి నేర్పుతూ పనిచేసే సంస్థ, తక్కువ ఫీజుకు ఎక్కువ గీతలు గీసిచ్చే సంస్థలతో బజార్లో ఎంతకాలం పోటీపడగలదు? 1994 నాటికి మేట్రిక్స్ ముగిసింది. సహకార సంఘం ఎంత ఆదర్శంగా నడిచినా, పెట్టుబడి సముద్రంలో ద్వీపమే. దాన్ని నిలబెట్టే రాజకీయబలం పోయిన రోజున అదీ పోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ వియన్నా. అక్కడ నగరపాలన గృహనిర్మాణాన్ని పూర్తిగా బజారుకు వదలలేదు. 1993లో స్త్రీ ఆర్కిటెక్టుల మధ్య పోటీపెట్టి, 'ఫ్రావెన్ వెర్క్ స్టాట్' పేరున 357 ఇళ్ళ సముదాయాన్ని 1997కు కట్టించింది. పిల్లలబళ్ళు పెట్టుకోవటానికి చోటు, చీకటి లేని మెట్లు, వంటింట్లోంచి ఆడుకునే పిల్లలు కనబడే ఆవరణలు, లోపలే శిశుపాఠశాల. ఇవి వింత ఊహలు కావు. మేట్రిక్స్ పదేళ్ళ ముందు అడిగినలాంటివే. తేడా ప్రతిభలో లేదు. భూమీ నిధులూ ఎవరి చేతిలో ఉన్నాయన్న దాంట్లో ఉంది.

ఈ ప్రశ్నలు నలభై ఏళ్ళనాటివి గదా, ఇప్పుడెందుకు అంటే, వృత్తి స్వరూపం ఇంకా మారలేదు గనక. కర్తృత్వం సంగతే చూడండి. భవనం వందల చేతుల పని. కీర్తి మాత్రం ఒక్క పేరుకు. అమెరికాలో డెనిస్ స్కాట్ బ్రౌన్, రాబర్ట్ వెంచురి దంపతులు దశాబ్దాలు కలిసి పనిచేస్తే, 1991లో ప్రిట్జ్‌కర్ బహుమతి భర్తకొక్కడికే ఇచ్చారు. తారల పూజకూ పురుషాహంకారానికీ ఉన్న బంధం మీద ఆమె 1975లోనే రాసిన వ్యాసం 1989 దాకా అచ్చుకాలేదు. 2013లో హార్వర్డు విద్యార్థినులు మొదలుపెట్టిన విజ్ఞప్తి మీద వేలమంది సంతకాలు చేశారు. బహుమతి సంఘం మాత్రం పాత నిర్ణయం మార్చటానికి ఒప్పుకోలేదు. ఆ సంతకాలు వృథా పోలేదని నేను అనుకుంటాను. బహుమతి రాకపోయినా, బహుమతి ఇచ్చే పద్ధతే బోనెక్కింది.

ఇటీవల మళ్ళీ సంఘాల గాలి వీస్తోంది. 'ఆర్కిటెక్చర్ లాబీ' 2013లో అమెరికాలో మొదలై, గీతలు గీసేది కూడా కూలిపనేననీ, రాత్రింబవళ్ళు వేతనం లేకుండా పనిచేయించుకోవటం కళాసేవ కాదు దోపిడీ అనీ చెప్పింది. 2019లో బ్రిటన్ ఆర్కిటెక్చర్ ఉద్యోగులు ఒక కార్మికసంఘంలో తమ విభాగం పెట్టుకున్నారు. 2022లో న్యూయార్కులో ఒక ప్రైవేటు ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగుల యూనియన్‌కు గుర్తింపు వచ్చింది. రాత్రి పదింటిదాకా ఆఫీసులో కూర్చోవటమే యోగ్యత అయినచోట, ఇంటికి పోయి పిల్లకు అన్నం పెట్టవలసిన మనిషి మొదట రాలిపోతుంది. కాబట్టి పనిగంటల పోరాటం స్త్రీవాద పోరాటం కూడా. 1975నాటి తిరుగుబాటుదారులు విడివిడిగా చూసిన రెండు దారులు ఇక్కడ కలుస్తున్నాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. 2021లో లండన్ బార్బికన్ కేంద్రం మేట్రిక్స్ పని మీద ప్రదర్శన పెట్టింది. మరుగునపడ్డ చరిత్ర వెలుగులోకి రావటం మంచిదే. కొత్తతరం వాళ్ళు దాన్ని చూసి నేర్చుకున్నారు కూడా. కాని నిధులు తెగ్గోసి చంపిన పద్ధతికి, అది చచ్చిన పాతికేళ్ళకు, అద్దాలపెట్టెలో గౌరవం చేయటం సులువు. దాన్ని మళ్ళీ బతికించాలంటే వీధిలో శిశుకేంద్రం కట్టటానికి డబ్బివ్వాలి. ప్రదర్శనశాల చప్పట్లను విజయం అనుకుంటే మనం మోసపోతాం.

మన సంగతికి వస్తాను. మన రెండు రాష్ట్రాల్లో పేదల ఇళ్ళు ఇప్పుడు స్త్రీల పేర్న ఇస్తున్నారు. తెలంగాణలో 2015లో మొదలైన రెండు పడకగదుల ఇళ్ళ పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు ఇల్లాలి పేర. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పంచిన ఇళ్ళస్థలాలు, పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర, అవీ స్త్రీల పేరనే. ఇది చిన్న సంగతి కాదు. తాగొచ్చిన మొగుడు "నా ఇంట్లోంచి పో" అన్నప్పుడు ఆ కాగితం విలువ ఏమిటో ఆమెకు తెలుసు. కాని హక్కుపత్రం మీద పేరు వేరు, ప్లాను మీద మాట వేరు. నమూనా పైనుంచే వస్తుంది. సెంటు స్థలంలో బట్టలెక్కడ ఆరేయాలి, మేకను ఎక్కడ కట్టెయ్యాలి, ఇంట్లో బీడీలు చుట్టుకునే మనిషికి వెలుతురు ఎటునించి రావాలి? ఈ ప్రశ్నలు ఆమె దగ్గరుంటాయి, డ్రాయింగుబల్ల దగ్గర ఉండవు. మధ్యతరగతివాళ్ళం మనమేమో, వంటిల్లు ఆగ్నేయంలో ఉందా లేదా అని మేస్త్రీతో వాదిస్తాం. అందులో గాలి ఆడుతుందా, ఇద్దరు నిలబడగలరా అని మాత్రం అడగం.

కట్టేచోట కూడా చూడండి. ఏ ఊళ్ళో పని జరిగేచోటికి వెళ్ళినా ఇసుకా ఇటుకా తట్టతో మోసేది ఆడకూలీ, తాపీ పట్టేది మగ మేస్త్రీ. ఇరవైయేళ్ళు మోసినా ఆమె మేస్త్రీ కాదు. గోడ ఎలా లేస్తుందో అందరికంటె దగ్గరగా చూసినదీ ఆమే, గోడమీద మాట లేనిదీ ఆమే. ఆమె పసిబిడ్డ ఆ ఇసుకకుప్ప పక్కనే చీర ఉయ్యాల్లో పడుకుంటుంది. మేట్రిక్స్ స్త్రీలను డిజైను బల్ల దగ్గరికే కాదు, వృత్తి శిక్షణలోకీ పిలిచింది. భవనాల రూపకల్పన కూడా మీ ఉద్యోగం కావచ్చునని 1986లో స్త్రీల కోసం చిన్న పుస్తకం వేసింది. మన దగ్గర ఆ పిలుపు తట్ట మోసే మనిషినుంచి మొదలవాలి.

రచయితల సంఘాలు ఇందులో ఏం చేయగలవు? ఇళ్ళు కట్టలేం. కాని మనం కట్టించే, అద్దెకు తీసుకునే, సభలు జరిపే ప్రతి చోటునీ ఒక రచనగా చదవగలం. సభాస్థలం నిర్ణయించేటప్పుడు మైకు గురించి అడిగినట్టే మరుగుదొడ్డి గురించీ, పసిపిల్ల గురించీ, తిరిగి వెళ్ళే బస్సు గురించీ అడగగలం. కథను విమర్శించేటప్పుడు ఆ కథలోని ఇంటిని కూడా పాత్రగా ప్రశ్నించగలం. ప్లాను చదవటం నిపుణుల రహస్యం కాదనీ, అక్షరాలు నేర్చుకున్నట్టే నేర్చుకోవచ్చనీ చెప్పగలం. అక్షరాస్యత కోసం పనిచేసిన ఉద్యమాలకు వారసులం మనం. ఇది కూడా ఆ బాకీలో భాగమే.

మా గ్రంథాలయానికి ఇప్పుడు మేడమీద ఒక గది వెయ్యాలని మళ్ళీ మాటలు జరుగుతున్నాయి. నేను కమిటీకి ఒక ఉత్తరం రాశాను. ఈసారి గీతలు గీయించకముందే ఆ అంగన్‌వాడీ టీచరునూ, ఊళ్ళో తాపీపని దగ్గర తట్ట మోసే ఇద్దరు స్త్రీలనూ పిలవాలని, అట్టముక్కలతో నమూనా చేసి వాళ్ళ ముందు పెట్టాలని, మేడగది కంటే ముందు కింద మరుగుదొడ్డి కట్టాలని అందులో అడిగాను. ఉత్తరం అందిందన్నారు. జవాబు రావాలి.